మౌలాబీ లేచి బయటికెళ్లిన సినిమా

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్నే పెదకాకానిలో ఆటో ఎక్కి మౌలాబీ గుంటూరు వచ్చేది. డయాలసిస్ గదిలో ఎడం చేతికి రెండు సూదులు గుచ్చి మెషీన్‌కి కలిపాక, నాలుగు గంటలు ఆ చెయ్యి వంచడానికి లేదు. రెండేళ్లుగా ఇదే వరస. అంతకుముందు ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది.

పక్క మంచం రామాంజనేయులుది. పొదిలి దగ్గర రైతు. వైద్యం కోసం గుంటూరులో కూతురింట్లో ఉంటున్నాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

గోడకున్న టీవీ రిమోటు నర్సు తేజశ్రీ దగ్గర ఉండేది. ఆ పిల్ల ఏ సినిమా పెడితే అది చూడాల్సిందే. నచ్చకపోతే లేచి పోవడానికి లేదు. కళ్లు మూసుకున్నా మాటలు వినపడతాయి. ఆ కసితోనే ఇద్దరూ ప్రతి సినిమాకీ తీర్పు చెప్పేవాళ్లు.

"యాభైమందిని కొట్టాడమ్మాయ్, ఒక్కసారన్నా మంచినీళ్లు అడిగాడా?" అన్నాడాయన ఓ కొత్త సినిమా చూసి. డాక్టరు ఇద్దరినీ రోజుకు అరలీటరు నీళ్లే తాగమన్నాడు. దాహం సంగతి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నలుపు తెలుపుల్లో ఓ పాత సినిమా వస్తే మౌలాబీ, "ఆ అత్త మంచిదే బాబాయ్. ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడరు, అందుకే అరుస్తది," అంది.

ఈ మధ్య వచ్చిన ఓ చిన్న సినిమా గురించి రామాంజనేయులు, "ఏమీ జరగలేదు. అయినా రెండ్రోజులు బుర్రలోంచి పోలేదు," అన్నాడు.

ఓ సోమవారం టీవీలో కొత్తగా విడుదలైన సినిమా ప్రకటన వచ్చింది. "నేనెటూ హాలు మెట్లెక్కలేను. నువ్వెళ్లి చూసొచ్చి చెప్పమ్మాయ్," అన్నాడాయన.

మంగళవారం ఒళ్లు తేలిగ్గానే ఉంది. కూతురు గుల్షన్‌ని వెంటబెట్టుకుని మౌలాబీ గుంటూరులో మార్నింగ్ షోకి వెళ్లింది. వరస మధ్యలో సీట్లు. తలుపులు మూశారు, లైట్లు ఆపారు. హీరో వచ్చాడు, జనం ఈలలేశారు. ఆమె మాత్రం మూసిన తలుపుల వైపు చూసింది.

"చెయ్యెందుకమ్మా అట్టా పెట్టావు?" అంది గుల్షన్.

మౌలాబీ చూసుకుంది. ఎడం చెయ్యి బిర్రుగా చాపి ఉంది. అరగంట నుంచీ వంచలేదు. మెల్లగా వంచింది. ఏమీ కాలేదు. లేచి నిలబడింది.

"ఎక్కడికి? నేనూ రానా?"

"వద్దు. ఊరికే."

మోకాళ్లు తప్పించుకుంటూ, తిట్లు తింటూ బయటికొచ్చింది. వరండాలో ఎండ పడుతోంది. స్కూటర్ల వరస చివరిదాకా నడిచింది. ఎవరూ ఆపలేదు. వెనక్కొచ్చి కూర్చుంది. పావుగంటకి మళ్లీ లేచింది. ఇంటర్వెల్‌లో అందరూ కూల్‌డ్రింకులు తాగుతుంటే గొంతు ఎండిపోయి, తల తిప్పుకుంది. చివరి ఫైటింగ్ అప్పుడు మూడోసారి లేచింది.

"బాగోలేకపోతే ఇంటికి పోదామమ్మా," అంది గుల్షన్ బెంగగా.

"బాగుందే! నువ్వు చూడు, నేనిప్పుడే వస్తా."

బుధవారం సూదులు గుచ్చగానే రామాంజనేయులు సినిమా సంగతి అడిగాడు.

"హీరో మంచోడు బాబాయ్. విలన్ ఎట్టా చచ్చాడో తెలీదు. అప్పుడు నేను బయటున్నా."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. సినిమా కూడా బాగుంది. అయినా లేచెళ్లా. మూడుసార్లు."

ఆయనకి అర్థమైంది. గొట్టంలో తిరుగుతున్న తన నెత్తురు వంక చూశాడు.

"నేనైతే అసలు కూర్చునేవాణ్ణే కాదు," అన్నాడు. మౌలాబీకి కళ్లు తుడుచుకోవాలనిపించింది. కుడిచేత్తోనే రెండు కళ్లూ తుడుచుకుంది.

"తేజశ్రీ, ఇవాళ టీవీ ఆపెయ్యమ్మా," అన్నాడాయన. "నువ్వు కథ చెప్పమ్మాయ్, మొదట్నుంచీ."

ఆమె చెప్పింది. తను బయటికెళ్లిన చోటుకి రాగానే ఆగిపోయింది.

"అక్కడ ఏం జరిగుంటదో నేను చెప్తా," అని రామాంజనేయులు అందుకున్నాడు. సూదులు తీయడానికి ఇంకా మూడున్నర గంటలుంది.