అత్త పేరున సగం కొట్టు

పొద్దున్నే షట్టరెత్తి, గుళ్ళు వేరు, బద్దలు వేరు, ముక్క వేరు చేసి జీడిపప్పు డబ్బాలకెత్తేది సత్యశ్రీ. ఆ పనంతా అయ్యాక మొగుడు చినబాబు వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. నర్సీపట్నం బస్టాండు రోడ్డులో వాళ్ళ కొట్టు.

ఆ ఏడు విశాఖ స్వీటుషాపుల ఆర్డర్లు తగిలాయి. ఏడాది అమ్మకం నలభై లక్షలు దాటేలా ఉందనీ, దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదనీ లెక్కలు చూసే గోవింద్ చెప్పాడు. చినబాబు కొట్టు మధ్యలో బల్ల అడ్డమేసి, ఏదీ నలభై దాటకుండా రెండు పేర్ల మీద రెండు కొట్లు చేసేద్దామన్నాడు. అలా చీల్చినా కొట్టు ఒకటేనని గోవింద్ మొత్తుకున్నాడు గానీ వింటేగా.

"రెండోది నా పేరునెట్టు. సేసేది నేనే కదా," అంది సత్యశ్రీ.

"నీ పేరునెడితే రేపు నన్ను టీ అట్టుకురమ్మంటావు," అని నవ్వేశాడు.

చచ్చిపోయిన తన తల్లి అప్పయమ్మ పాన్ కార్డూ, బ్యాంకు ఖాతా ఇంకా బతికే ఉన్నాయి. సగం కొట్టు ఆవిడ పేరున పెట్టాడు.

మర్నాడు షట్టరెత్తితే, బల్లకి అవతల స్టూలు మీద అప్పయమ్మ పప్పు ఏరుతూ కనిపించింది. పేరు పెట్టాక రాకుండా ఎలా ఉంటుంది? సత్యశ్రీ టీ పోసిచ్చింది. సాయంత్రం దాకా గ్లాసు అలాగే ఉంది. బేరానికొచ్చినవాళ్ళు, "ఏటి పిన్నీ, బాగా సిక్కిపోయావు," అని పలకరించి ఆవిడ దగ్గరే తూయించుకునేవాళ్ళు. ఆవిడ చేతిలోంచి వచ్చిన పప్పు ఎండాకాలంలోనూ చల్లగా తగిలేది.

పోనుపోను చినబాబు వైపు ఎవరూ రాలేదు. ఎదురుగా కూర్చున్నవాణ్ణే చూస్తూ, "ఓనరు లేడా?" అనేవాళ్ళు. ఓసారి వ్యాను డ్రైవరు ఖాళీ కుర్చీ అనుకుని బస్తా తెచ్చి చినబాబు ఒళ్ళోనే దించేశాడు. ఇంట్లో చూస్తే వాడు ముద్ద మీద ముద్ద తింటున్నా కంచంలో అన్నం తరిగేది కాదు.

ఆఖరికి చినబాబే గోవింద్ చేతులు పట్టుకున్నాడు. అమ్మ పేరు తీసేయమన్నాడు, తనదీ సత్యశ్రీదీ రాసి రిజిస్ట్రేషన్ చేయించెయ్యమన్నాడు.

వేలిముద్రలకి ఇద్దరూ జీఎస్టీ సెంటరుకెళ్ళారు. అప్పయమ్మా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. చినబాబు వేలు పెట్టాడు. మిషను వెలగలేదు. చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

"ఏటండీ, ఎవరూ వేలెట్టరా?" అన్నాడు ఆపరేటరు, వాడి ముఖంలోకే చూస్తూ.

అప్పయమ్మ లోపలికొచ్చి కొడుకు చిటికెన వేలు పట్టుకుంది. "రా నాన్నా, పొద్దోయింది." నడక నేర్చే పిల్లాడిలా వెంట నడిచాడు చినబాబు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే ఆగిపోతాడని సత్యశ్రీకి తెలుసు.

"మేడమ్, ఓనరు మీరొక్కరేనా?" అడిగాడు ఆపరేటరు.

సత్యశ్రీ చెంగుకి వేలు తుడుచుకుంది.

"నేనొక్కదాన్నేనండి," అంది.

వేలు పెట్టగానే మిషను బేగి పట్టుకుంది.