ఎమ్మెల్యేగారి అమ్మాయి

మెడికల్ ఎంట్రన్స్ మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. రేకుల కప్పు కింద గది కొలిమిలా ఉంది. ఊర్మిళ టీచర్ చెమట తుడుచుకుంటూ బల్ల బల్లకూ వెళ్లి హాల్‌టికెట్లు చూస్తోంది. కిటికీ పక్కకు వచ్చేసరికి ఆమె కాళ్లు ఆగిపోయాయి.

హాల్‌టికెట్ మీద పేరు శ్రేయసీ సింగ్. ఎమ్మెల్యే రణధీర్ సింగ్ కూతురు. ఫొటోలో ఉన్నదీ, బల్ల ముందు కూర్చున్నదీ మాత్రం ఫూల్మతి. ఇటుక బట్టీలో పనిచేసే బుధన్ పాస్వాన్ కూతురు. పదో తరగతి దాకా ఊర్మిళ దగ్గరే చదివింది.

"ఇదేం పనే?" గొంతు తగ్గించి అడిగింది.

ఫూల్మతి తలెత్తలేదు. "మా అయ్యను మొన్న ఠాణాలో వేశారు దీదీ. నీళ్ల మోటారు ఎత్తుకుపోయాడంట. ఈ పరీక్ష రాసిపెడితే సాయంత్రానికి వదిలేస్తారంట."

"మరి నీ పరీక్షో?"

"నా హాల్‌టికెట్ కూడా వాళ్లే లాక్కున్నారు."

గుమ్మంలో దగ్గు వినిపించింది. హెడ్మాస్టర్ తివారీ ఆమెను వరండాలోకి పిలిచాడు.

"ఏంటమ్మా, అక్కడే పాతుకుపోయారు?"

"ఆ పిల్ల ఎవరో మీకు తెలుసా సార్?"

"నాకు తెలుసు. పైవాళ్లకూ తెలుసు. తెలియనట్టు ఉండాల్సింది మీరే." తివారీ నవ్వాడు. "పోయినేడు ఝా మాస్టారూ ఇలాగే అడిగాడు. ఆయన సైకిలు గండక్ నది ఒడ్డున దొరికింది. ఆయన దొరికాడా?"

ఊర్మిళ వెనక్కి తిరిగింది. లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. ఫూల్మతి కలం ఆగకుండా సాగుతోంది. ఆ ప్రశ్నలన్నీ ఆ పిల్లకు కొట్టిన పిండి. డాక్టరయ్యేది మాత్రం ఇంకెవరో.

గంట కొట్టారు. ఊర్మిళ చెయ్యి చాపింది. ఫూల్మతి జవాబు పత్రాన్ని వెంటనే వదల్లేదు. పేరు రాసే చోట, గుండ్రటి అక్షరాల్లో, ఫూల్మతి కుమారి అని ఉంది. కింద తండ్రి పేరు బుధన్ పాస్వాన్.

"పిచ్చిపిల్లా! మీ అయ్యను బతకనిస్తారా?"

"అయ్యే చెప్పాడు దీదీ, కటకటాల అవతలి నుంచి. 'నీ చదువు వాళ్లకిచ్చి నన్ను తెచ్చుకోకు' అన్నాడు." పిల్ల పత్రాన్ని ముందుకు జరిపింది. "సంతకం పెట్టండి."

తివారీ లోపలికి వస్తున్నాడు. ఊర్మిళ గబగబా సంతకం పెట్టి, పత్రాన్ని కట్ట మధ్యలోకి తోసి తాడు బిగించింది.

"అంతా సవ్యమేనా?"

"సవ్యంగానే రాశారు సార్."

గేటు బయట ఎమ్మెల్యేగారి తెల్ల బండి తలుపు తెరిచి ఉంది. ఫూల్మతి అటు చూడకుండా ఠాణా దారి పట్టింది. తలుపు మూసుకుంది. బండి మెల్లగా ఆ పిల్ల వెనకే కదిలింది.