మూడు ప్రతులు, ఒకే తప్పు

ఆదోనిలో సామ్సన్ సారు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. హెబ్రీ సారు ఇల్లంటే మాత్రం పత్తి మార్కెట్ దగ్గర టీ పోసేవాడు కూడా చెయ్యి చూపిస్తాడు. ఊరు మొత్తం మీద ఆ భాష వచ్చినవాడు ఆయనొక్కడే మరి. ఎవరితో మాట్లాడతాడంటారా? ఎవరితోనూ మాట్లాడడు. యూదుల పాత లేఖనాలను వందల ఏళ్ళు చేత్తో నకలు రాసుకుంటూ వచ్చారు కదా, ఆ రాతప్రతుల్లో ఎక్కడెక్కడ తేడాలు పడ్డాయో, ఏది అసలు మాటో, ఏది రాసేవాడి చెయ్యి జారిన మాటో తేల్చడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు వేరే ఊళ్ళో బైబిల్ కాలేజీలో అదే పాఠం చెప్పాడు. రిటైరై వచ్చాక, కొత్తగా వస్తున్న తెలుగు అనువాదానికి పేజీ అడుగున వేసే వివరణలు రాస్తున్నాడు.

ఆ పనికి కొన్ని సూత్రాలున్నాయి. సారు వాటిని పరీక్ష పేపర్ల భాషలో చెప్పేవాడు. "ముగ్గురు పిల్లోళ్ళు ఒకే రైటు రాస్తే సదువుకున్నారనుకోవచ్చు. ముగ్గురూ ఒకే తప్పు రాసినారనుకో, ఒకడు రాస్తే మిగతా ఇద్దరూ దించినారని అర్థం. అప్పుడది మూడు సాక్ష్యాలు కాదప్పా, ఒక్కటే." ఇంకొకటి కూడా చెప్పేవాడు. ఒకే వాక్యానికి రెండు పాఠాలు, అంటే రెండు రకాల రాతలు, ఎదురుపడితే వినడానికి ఇంపుగా ఉన్నదాన్ని అనుమానించాలి, గొంతు దిగనిదాన్ని నమ్మాలి. నకలు రాసేవాడూ మనిషే కాబట్టి, చేదున్నచోట చిటికెడు బెల్లం వేస్తాడే తప్ప ఉన్న తీపిని చేదు చెయ్యడు. ఇంత తెలిసినవాడికి సొంత ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలియలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా పెద్దలు!

ఆయనకు ఒక్కతే కూతురు, కెజియా. తొమ్మిదేళ్ళ కిందట ఎమ్మిగనూరులో మగ్గం నేసే హరికృష్ణ అనే పిల్లవాణ్ణి గుళ్ళో పెళ్ళి చేసుకుంది. లేఖనాలు నేర్పేవాడి కూతురే గుళ్ళో తాళి కట్టించుకుంటే సంఘంలో ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి? "నాకు బిడ్డ లేదు" అన్నాడు. కోపంలో నలుగురూ అనే మాటే అది. ఖర్మ ఏమిటంటే, సారు దాని మీద నిలబడ్డాడు. పిల్ల రెండుసార్లు వచ్చి గేటు బయట నిలబడింది. ఆయన బల్ల మీంచి తల ఎత్తలేదు. తల్లి దయామణి మాత్రం ఎమ్మిగనూరులో ఉపవాస ప్రార్థనలున్నాయని చెప్పి నెలకోసారి పోయి చూసి వచ్చేది. ఆ ఊళ్ళో అన్ని ఉపవాసాలేమిటని ఆయన ఏనాడూ అడగలేదు.

రెండు నెలల కిందట కెజియా పోయింది. డెంగీ. నాలుగే రోజుల జ్వరం. ముందురోజు మధ్యాహ్నం ప్రార్థనకని వెళ్ళిన దయామణి పొద్దున ఏడింటికి ఫోన్ చేసింది. "పాప పోయింది. మట్టికన్నా రాండి." ఆయన వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ తర్వాత బిడ్డ మొహం చూడటం అదే. ఎవరినీ ఏమీ అడిగే మొహం ఆయనకు లేకపోయింది. దయామణే దగ్గరికి వచ్చి చెప్పింది. "పొద్దున కాఫీ తాగింది. తాగి, 'నాయన మీద నాకేం కోపం లేదు, ఆయన సల్లగుండాల' అనింది. అని కండ్లు మూసుకునింది."

అల్లుడూ అదే చెప్పాడు. అల్లుడి తల్లి దేవక్కా అదే చెప్పింది. పొద్దున, కాఫీ, కోపం లేదు, సల్లగుండాల. ముగ్గురి నోటా ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. నీళ్ళలో మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది ఏ గడ్డో చూస్తాడా? సారు పట్టుకున్నాడు. ఆ రెండు నెలలూ ఆయన అన్నం తిన్నాడంటే, పడుకుని లేచాడంటే, ఆ ఒక్క మాట మీదే. నా బిడ్డ నన్ను క్షమించి పోయింది. రోజుకు వందసార్లు అనుకునేవాడు.

ఆ తర్వాత చర్చి రిజిస్టరులో పేరు కొట్టేయడానికి ఆసుపత్రి కాగితం కావాలన్నారు పాస్టరయ్యగారు. అల్లుడు జిరాక్స్ పంపాడు. సారు కళ్ళద్దాలు పెట్టుకుని, అలవాటు చొప్పున మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. మరణించిన సమయం ముందురోజు రాత్రి తొమ్మిది ఇరవై. సాయంత్రం నుంచి నోటి ద్వారా ఏమీ ఇవ్వలేదని డాక్టరు కింద ఇంగ్లీషులో రాశాడు. మరి పొద్దున కాఫీ తాగిందెవరు?

మామూలు తండ్రి ఎవరైనా ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో పడేసి, తెలిసీ తెలియనట్టు బతికేసేవాడు. సారుకు ఆ అదృష్టం లేదు. మూడు ప్రతులు, మూడింట్లోనూ ఒకే తప్పు. అంటే మూడూ ఒక్క దాన్ని చూసి దించినవే. ఆ ఒక్కటీ ఎవరిదో ఏమో గాని, అందులోని మాట బిడ్డది కాకపోవచ్చు. ఇలాంటిది కనిపిస్తే ఆయన వివరణలో ఏం రాస్తాడో ఆయనకు తెలుసు. ఈ పాఠం నమ్మదగినది కాదు, అంతే.

పైగా ఆయన దగ్గర ఇంకొక సాక్ష్యం ఉంది. దాన్ని ఎవరికీ చూపించలేదు. బిడ్డ పోయిన సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది లోపల అల్లుడి నంబరు నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడుసార్లూ ఆయన కట్ చేశాడు. అప్పుడు బల్ల ముందు కూర్చుని, మృత సముద్రం గుహల్లో దొరికిన తోలు చుట్ట ఫోటోను కంప్యూటర్లో పెట్టుకుని చూస్తున్నాడు. రెండు వేల ఏళ్ళ కిందట రాసేవాడెవడో ఒక మాట మీంచి కింది వరుసలో ఉన్న అదే మాట మీదికి కన్ను జారవిడిస్తే, మధ్యలో ఒక వాక్యం ఎగిరిపోయింది. ఆ వాక్యం ఆ పూట ఆయన చేతికి చిక్కబోతోంది. ఇంతలో వీడి ఫోన్! ఎవడో రాయని వాక్యం కోసం కన్నబిడ్డ వాక్యం పోగొట్టుకున్నాడు మహానుభావుడు. ఏం చదువులండీ ఇవి!

రాత్రే పోయిందంటే ఆ ఫోన్లు అందుకే. ఫోన్ చేసి ఏం చెప్పాలనుకున్నారు? తిట్టాలనుకుని ఉంటారు. బిడ్డ శపించి ఉంటుంది. 'నేను సచ్చినా నాయనకు నా మొహం సూపీయొద్దండి' అని ఉంటుంది. ఆ చేదు మింగుడుపడక వీళ్ళు బెల్లం కలిపారు. సారు తన సూత్రం ప్రకారం చేదుకే సిద్ధపడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ శాపం కావాలనే అనుకున్నాడు. సంపాదించుకున్న శాపం కదా, అది మోయగలననుకున్నాడు.

మర్నాడే ఎమ్మిగనూరు వెళ్ళాడు. హరికృష్ణ మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. "పాప ఏమన్నాదో మళ్ళొకసారి సెప్పు నాయనా" అంటే, పడుగు దారాల్లోకి చూస్తూ అప్పగించాడు. "పొద్దున కాఫీ తాగింది మామా. నాయన మీద నాకేం కోపం లేదు..." అక్కడితో ఆపి లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాగితం తీసి దేవక్కకు చూపించాడు సారు. ఆమెకు చదువు రాదు, కానీ ఆ కాగితంలో ఏముందో ఆయన మొహంలో చదివింది.

"ఎందుకన్నా తవ్వేది?" అంది. "మంచి మాటే గదా నీకు మిగిలింది. మూట గట్టుకొని పెట్టుకోరాదూ. నీకు దండం పెడతా, ఈడికి ఇడిసిపెట్టు."

ఆయన విడిచిపెట్టలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. నర్సులు మాకు తెలియదన్నారు. వార్డు ఊడ్చే ఆయమ్మ గుర్తుపట్టింది. "ఆ పాప పక్క మంచంల సి.బెళగల్ తట్టు పిల్లోడుండె. వాళ్ళన్న ఉరుకుందు కనిపెట్టుకొని ఉండె. ఆయప్పనడగండి సారూ, ఆ పొద్దంతా ఆడనే ఉన్యాడు." ఇంటివాళ్ళతో సంబంధం లేని సాక్షి. సారుకు కావలసింది అలాంటివాడే.

సి.బెళగల్ తట్టు వెళ్ళి వెతికితే, ఉరుకుందు చేలో పత్తి మూటలు బండికెత్తిస్తూ దొరికాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట దాచుకోవడం తెలియనివాడు. ఎమ్మిగనూరు ఆసుపత్రి అనగానే గట్టు మీద కూలబడ్డాడు.

"ఆ పాపనా? అయ్యో, మర్సిపోతానా సారూ? నా తమ్ముడు బతికి ఇంటికొచ్చినాడు గాని, ఆ పాప కండ్లు నన్ను ఇప్పటికీ ఇడిసిపెట్టల్యా. పొద్దు గూకినకాణ్ణించి వాకిలి తట్టే సూస్తాండె. 'ఆదోని బస్సొచ్చిందా, ఆదోని బస్సొచ్చిందా' అని ఒకటే అడుగుడు. వాళ్ళ నాయన వస్తాడని."

"కోపంగా ఏమన్నా అనిందా? నాయన్ని తిట్టిందా?"

"తిట్టేదా? ఎక్కడి మాట! వాళ్ళమ్మ ఫోన్ ఆగిపోయిందంట, అల్లుని ఫోన్ తీసుకొని వరండాలోకి పోయి సేసె, మళ్ళా సేసె. ఆ పెద్దమనిషి ఎత్తితే గదా! మూడోసారి లోపలికొచ్చి, 'బయల్దేరినాడమ్మా, బస్సెక్కినాడంట' అని సెప్పె. ఆయమ్మ మొహం సూసినోనికి తెలుస్తాది ఎక్కల్యాదని. పాప నమ్మె. నమ్మి ఏమనిందో తెల్సునా? 'నాయనకు సీకటి పడితే కండ్లు ఆనవు. ఎవురన్నా బస్టాండు కాడ నిలబడండి, దారి తెలీక తిరుగుతాడు' అనింది. మొగుణ్ణి పొమ్మని ఒకటే పోరు. ఆ పిల్లోడు ఏం సేస్తాడు? రాడని తెల్సి గూడా పోయినాడు. పోయి బస్టాండులో నిలబడినాడు. వాడు ఆడుండగానే ఈడ పాప పాయె."

సారు గట్టును రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఎట్లాంటోడో సారూ ఆ నాయన" అన్నాడు ఉరుకుందు. "మాకు ఎద్దు పడిపోతే ఊరంతా ఉరుకుతాది. గంట దారి. బస్సు ల్యాకపోతే నడిసి రాడా మనిషయినోడు? అవునూ, మీరేమయితారు ఆ పాపకు?"

"తెలిసినోన్ని. సిన్నప్పుడు సదువు సెప్పినా" అన్నాడు సారు.

తిరిగి వచ్చే బస్సులో ఆయన ఏడ్వలేదు. ఏడవడానికి కూడా ఏదో ఒక హక్కు ఉండాలి. శాపం మోస్తానని వెళ్ళాడు, శాపం దొరకలేదు. బిడ్డ ఆయన్ని క్షమించనూ లేదు, శపించనూ లేదు. క్షమించాల్సింది ఏదో ఉందని కూడా అనుకోలేదు పిచ్చిపిల్ల. వస్తాడనే అనుకుంది. దారి తప్పుతాడని భయపడింది. ఇంతకన్నా గొంతు దిగని పాఠం ఆయన నలభై ఏళ్ళ చదువులో ఏ ప్రతిలోనూ ఎదురుకాలేదు. ఇది నకిలీ కాదని చెప్పడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు.

ఇంటికి వచ్చేసరికి దయామణి వసారాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"ఉరుకుందును కలిసినా" అన్నాడు.

ఆమెకు పేరు తెలుసు. ఏరుతున్న చెయ్యి ఆగింది. చేట పక్కన పెట్టింది.

"అయితే తెలిసింది మీకు."

"ఆ మాట నువ్వే కట్టినావు. అల్లునికి, దేవక్కకు నువ్వే నేర్పినావు." "నేను తట్టుకోలేనని గదా దయా? నా మీద జాలితో గదా?"

దయామణి ఆయన వైపు చూసింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమె గొంతు ఎత్తి ఎరగదు. ఇప్పుడూ ఎత్తలేదు.

"నీ మీద జాలా? నీ కోసమనుకొంటివా అది? నా కోసం కట్టుకున్నాను. నీకు అన్నం పెట్టాల. నీ బట్టలు ఉతకాల. నీ పక్కన చర్చిలో కూసోవాల. ఫోన్ కట్ జేసిన చెయ్యిని రోజూ సూస్తా సూస్తా ఎట్ల పెట్టేది అన్నం? అందుకే పాప నిన్ను మన్నించిందని సెప్పుకున్నా. నీతో అంటే నాకూ ఇనపడుతుందని నీతో అంటాంటి. మన్నించింది, మన్నించింది అని. సగం నమ్మినా. ఇంకొక్క ఏడాది ఉండింటే మొత్తం నమ్ముదును."

ఆమె ఒళ్ళో పడ్డ పప్పు దులుపుకుంది.

"నువ్వు ఊరుకొంటివా? ఉరికి ఉరికి పోయి నిజం తెచ్చినావు. ఇప్పుడు నీకు తెల్సు, నాకు తెల్సు. ఒకే ఇంట్లో ఇద్దరం ఎట్ల బతికేదో అది గూడా సదివి సెప్పు."

లేచి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. నాలుగు చీరలు, దువ్వెన, బీపీ మాత్రలు, కెజియా చిన్నప్పటి ఫోటో ఒకటి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది. ఆయన వాకిట్లో అలాగే నిలబడి ఉన్నాడు.

"యాడికి?"

"ఎమ్మిగనూరికి. ఆ పిల్లోడు అన్నం తినడం ల్యాదంట. బస్టాండుకు పోకపోయింటే పక్కనే ఉందును గదా అత్తా అని ఏడుస్తాడంట రోజూ. దేవక్క ఒక్కతే యాగల్యాకుండాది."

సారు గబగబా చెప్పుల కోసం వెతికాడు. ఒకటి దొరికింది, రెండోది కనిపించలేదు. ఒక్క చెప్పుతోనే గేటు దాకా వెళ్ళి గడియ పట్టుకున్నాడు.

"నేనూ వస్తా దయా. నన్నూ తీసుకొనిపో. నేనూ బస్సెక్కుతా."

దయామణి సంచి భుజానికి తగిలించుకుంది.

"ఇప్పుడా?" అంది.

ఆయన చెయ్యి గడియ మీంచి జారింది. ఆమె గేటు తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా వేసి, వీధిలోకి నడిచింది.