ఆర్పిన కొవ్వొత్తి వాసన

ఆనాడు వాసనల గదిలో హాజరైనవారు నలుగురు. కూర్చున్న వరుస ఇది: మొదట సబ్బుల కర్మాగారం స్థాపించిన పెద్దాయన, ఆయన కుడిపక్కన ప్యాకింగ్ చూసుకునే చెల్లెలు, తరువాత అమ్మకాలు చూసే కొడుకు, చిట్టచివర, తలుపు పక్క కుర్చీలో, పరిమళాలు కూర్చే కోడలు.

ఆ గదికొక ఆనవాయితీ ఉండేది. ఏ వాసననైనా మొదట పెద్దాయన చూడాలి. ఆయన అన్నమాటే తక్కినవారికి శిలాశాసనం. ముక్కులు నాలుగున్నా మాట ఒక్కటే.

కిందటి సమావేశంలో కోడలు లారిక్ ఆల్డిహైడ్ అనే దినుసును ప్రవేశపెట్టింది. కొవ్వుల వంశంలో పుట్టిన ఆ ద్రవం చిక్కగా ఉన్నప్పుడు మహా మొరటు. సబ్బులో లేశమాత్రం కలిపితే శుభ్రతకు సొంత వాసనంటూ ఉంటే ఇదే కాబోలు అనిపిస్తుంది. ఆమె వారిస్తున్నా వినక, పెద్దాయన మూత తీసి సీసానే ముక్కుకు ఆనించుకున్నారు. ఆర్పిన కొవ్వొత్తి కంపు అన్నారు. చెల్లెలు కొవ్వొత్తే అంది. కొడుకూ కొవ్వొత్తే అన్నాడు. ఇకమీదట తయారు పరిమళాన్ని బయటినుంచి తెప్పిద్దామనీ, ఈ వాసన మరొక్కసారి చూసి గదికి తాళం వేసేద్దామనీ పెద్దాయన తేల్చేశారు. కోడలికి ప్యాకింగ్‌లో కుర్చీ కూడా చూపించారు.

ఇప్పుడు తాళంచెవి ఆయన ముందు బల్లమీద సిద్ధంగా ఉంది.

"సీసా ఇలా ఇవ్వమ్మా," అని ఆయన చెయ్యి చాపారు.

కోడలు సీసా మీద గుప్పిట బిగించింది.

"ఇవ్వను మామయ్యగారూ. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ఎవరూ గుప్పెడు ఉప్పు నోట్లో పోసుకోరు."

ఆమె కుర్చీలోంచి లేచింది. మూలనున్న కుళాయి దగ్గర, ఆ దినుసు లేశమాత్రం కలిపిన కొత్త సబ్బు పెట్టి, ఈరోజు వరుస తలుపు వైపునుంచి మొదలవుతుందని ప్రకటించింది. చేసినది తానే గనుక, ఆమె తరువాత ముందుగా వెళ్ళవలసినవాడు పక్క కుర్చీలోని ఆమె భర్త. అతడు తండ్రి ముఖం వంక చూశాడు.

"ముక్కు మీదేగా? మామయ్యగారి దగ్గర అరువు తెచ్చుకోలేదు కదండీ," అని ఆమె చురక వేసింది.

అతడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. కొంతసేపు దించనే లేదు. ఉతికి ఎండలో ఆరేసిన దుప్పటిలా ఉందన్నాడు. అన్న తరువాత తన మాటకు తానే ఉలిక్కిపడ్డాడు. చెల్లెలు రెండుసార్లు వాసన చూసి, అప్పుడే ఇస్త్రీపెట్టె తగిలిన చొక్కా కాలరు గుర్తొస్తోందని చెప్పింది.

చివరగా పెద్దాయన లేచారు. దవడ బిగించి చేతులు కడుక్కున్నారు, వాసన చూశారు.

"కొవ్వొత్తే," అన్నారు.

ఎవ్వరూ వంతపాడలేదు. పాడటానికి వీలెక్కడిది? వారి మాటలు అప్పటికే పెదవి దాటాయి. చెల్లెలు గోళ్ళవైపు చూసుకుంటూ, "నాకు మాత్రం ఇస్త్రీ చొక్కాయే, అన్నయ్యా," అంది.

పెద్దాయనకు సంగతి బోధపడింది. "అయితే నాకంటే ముందే వీళ్ళచేత చెప్పించేశావన్నమాట."

"అవునండీ. మీ తరువాతైతే వాళ్ళకు ముక్కులుండవు."

ఆయన తన అరచేతిని మరోమారు, ఎవరూ చూడటంలేదనుకుని, ముక్కు దగ్గరికి తీసుకున్నారు. అభిప్రాయం మార్చుకున్నట్టు చెప్పలేదు. అటువంటి అలవాటు ఆయనకు లేదు. తాళంచెవిని మాత్రం బల్లమీదుగా తలుపు పక్క కుర్చీ వరకూ జరిపారు. ఆపైన పెద్ద సభలో మాట్లాడబోయేవారివలె కోటు గుండీలు పెట్టుకుని నిలబడ్డారు.

"ఈ పరిమళం మా కోడలు చేసింది," అన్నారు. "నన్ను కాదని చేసింది. రేపు ఎవరడిగినా ఈ రెండు మాటలూ కలిపే చెప్పండి."