లెన్సులో దొరికిన బొగ్గు

బొగ్గు కుప్ప మీద టార్పాలిన్ పట్టా కప్పని కంపెనీ వాళ్లూ, కప్పలేదని తెలిసీ సంతకాలు పెట్టిన ఆఫీసర్లూ, దేవకుమారి గొంతు నొక్కింది మీరే. దానికి దగ్గు అని పేరు పెట్టకండి. పడని గాలి అని సర్దిచెప్పకండి. పద్దెనిమిదేళ్లు చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకున్న మనిషి, ఈ ఏడాది రెండో చరణం సగంలో ఆగిపోయి గోడ పట్టుకుంది. ఆవిడ పీల్చిన గాలి మీరు పంపిందే.

దేవకుమారి భర్త యోహాన్ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. జ్ఞానాపురంలో కాపురం. వాళ్ల చర్చిలో ఒక కట్టుబాటుంది. ప్రమాణాలు చేయించేటప్పుడు కెమెరా పట్టినవాడెవడూ పాస్టరుగారి దగ్గరికి రాకూడదు, వెనక బల్లల దగ్గరే నిలబడాలి. ఉంగరం తొడిగే వేళ్లు అక్కణ్ణుంచి అందాలంటే దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు కావాలి. పెద్ద స్టూడియోల వాళ్లు భుజాన మోసే బరువైన లెన్సు కొనే తాహతు యోహాన్‌కి లేదు. డెబ్భై నుంచి మూడొందల మిల్లీమీటర్ల దాకా లాగే చవకరకం జూమ్ లెన్సు కొన్నాడు. ఒళ్లంతా ప్లాస్టిక్. కెమెరాకి బిగించే రింగు కూడా ప్లాస్టిక్కే. పక్కింటి వరహాలు దాన్ని అరచేతిలో ఎగరేసి చూసి, "ఇది లెన్సేటి బావా, ఊదితే భీమిలి దాకా ఎగిరిపోద్ది" అన్నాడు.

అనుకుంటే అనుకున్నాడు గానీ, అది పనికొచ్చే సరుకే. మూడు గంటల పెళ్లిలో చెయ్యి నొప్పి పుట్టదు. ఎండలో ముఖాలు బాగా తీస్తుంది. చర్చి లోపలి మసక వెలుతురులో మాత్రం ఫోకస్ దొరక్క ముందుకీ వెనక్కీ తడుముకుంటుంది. చివరికంటా లాగితే బొమ్మ మెత్తబడుతుంది. ఎంతవరకు లాగాలో, ఎక్కడ ఆపాలో యోహాన్ నాలుగు పెళ్లిళ్లలో తెలుసుకున్నాడు. దానితో సర్దుకుపోయాడు. ఉన్నదానితో సర్దుకుపోవడం వాళ్ల పేటలో ఎవరికీ కొత్త కాదు. అదే వచ్చిన తంటా.

పాట ఆగిపోయిన మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కి, ఆ లెన్సుని రైలు పట్టాల అవతలికి తిప్పాడు. అక్కడ ఒక ప్రైవేటు కంపెనీ బొగ్గు యార్డు ఉంది. ఉత్త కంటికి అదొక నల్ల గుట్ట, అంతే. లెన్సులోంచి చూస్తే భాగోతమంతా కనబడింది. పట్టా ఓ మూలకి చుట్టి పడేశారు. దుమ్ము లేవకుండా నీళ్లు చిమ్మాల్సిన గొట్టాలు ఎండిపోయి తుప్పు పట్టాయి. లారీ ఒంపినప్పుడల్లా నల్ల దుమ్ము లేచి, సముద్రం గాలి తోసినట్టల్లా ఇళ్ల మీదికి నడిచి వస్తోంది.

నలభై రోజులు వరసగా తీశాడు. ప్రతి పూటా ముందరి అద్దం మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. లారీ వస్తే దగ్గరికి లాగేవాడు, దుమ్ము లేస్తే వెనక్కి నెట్టేవాడు, మళ్లీ లాగేవాడు. ఒకరోజు దేవకుమారి మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ, "ఈ బొమ్మలు సూసి ఆళ్లు ఆపేత్తారేటి?" అని అడిగింది.

"కళ్లతో సూసినాక ఎలా కాదంటారు?" అన్నాడు. అంత అమాయకుడు.

ఆ ఫొటోలతో ఫిర్యాదు ఇస్తే, గాలి కాలుష్యం సంగతి చూసే ఆఫీసులో విచారణ పెట్టారు. ఆఫీసరు గురునాథరావు కంప్యూటర్లో ఫొటోలు ఒక్కొక్కటే తిప్పాడు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు శ్రీరామ్మూర్తి మర్యాదగా లెన్సు అడిగి పుచ్చుకుని, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి పట్టుకున్నాడు. గాజుల మధ్య నల్లటి నలుసులు, వాటి మీద పల్చటి మసి.

"చూడండి సార్, మురికంతా లెన్సులోనే ఉంది. ఇందులోంచి తీస్తే ఆకాశం మురిగ్గా కాక ఎలా వస్తుంది?"

గురునాథరావు తల ఊపాడు. గాల్లో దుమ్ము కొలిచే తమ మీటరు లెక్కలో గాలి బాగానే ఉందన్నాడు. ఆ మీటరు ఎక్కడుందయ్యా అంటే ఊరికి ఆ చివర మధురవాడలో, చెట్ల మధ్య ఓ మేడ మీద. లెన్సు బాగు చేయించుకుని శుభ్రమైన ఫొటోలు తెమ్మని ఫైలు మూసేశాడు.

యోహాన్ తలొంచుకుని బయటికొచ్చాడు. తప్పు తనదే అనుకున్నాడు. నలభై రోజులూ పైపైన తుడుచుకున్నాడే గానీ లోపలికి తొంగి చూడలేదు.

డాబాగార్డెన్స్‌లో లెన్సు కంపెనీ తరఫున కెమెరాలు బాగుచేసే సాయిశంకర్ మరలు విప్పి, గాజులు తీసి, గొట్టాన్ని తెల్లకాగితం మీద తట్టాడు. నల్లటి పొడి రాలింది. వేలికి రాసుకుంటే మెరిసింది.

"లెన్సుని బొగ్గులో ముంచి తీసావేటి బావా?"

ముంచలేదని, తన డాబా మీదే నిలబడ్డానని యోహాన్ చెప్పాడు. అప్పుడు సాయిశంకర్ విప్పి చెప్పాడు. జూమ్ లాగినప్పుడల్లా గొట్టం పొడుగవుతుంది, కొలిమి తిత్తిలాగ బయటి గాలి లోపలికి పీలుస్తుంది. ఖరీదైన వాటికి దుమ్ము రాకుండా రబ్బరు అడ్డు ఉంటుంది, దీనికి లేదు. శుభ్రం చేస్తాడు గానీ వారంటీ మాత్రం రాదు. బొగ్గు దుమ్ములో వాడిన సరుకుకి లెన్సు కంపెనీ పూచీ పడదు.

యోహాన్ ఆ పొడిని కాగితంలోనే మడిచి పొట్లం కట్టాడు. తర్వాత, "ఆ మాటే రాసియ్యి. స్టాంపు ఎయ్యి" అన్నాడు.

"వారంటీ రాదని రాయించుకున్నోడ్ని నిన్నే సూత్తన్నాను బావా" అంటూనే సాయిశంకర్ రాసిచ్చాడు. బొగ్గు దుమ్ము నిండిన గాలిలో వాడినందువల్ల పాడయింది, వారంటీ వర్తించదు, అని.

మర్నాడు యోహాన్ ఆ చీటీ, పొడి మడిచిన పొట్లం గురునాథరావు బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. పొట్లం ముట్టుకోలేదు.

"ఇది లెన్సు గురించి రాసిన కాగితమయ్యా. గాలి గురించి కాదు."

అక్కడ యోహాన్‌లో సర్దుకుపోయే మనిషి చచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"మీరేమో దుమ్ము లెన్సులో ఉంది, గాల్లో లేదంటారు. లెన్సు కంపెనీ ఓళ్లేమో గాల్లో ఉంది, మా పూచీ లేదంటారు. మరి లెన్సులోకి ఎలాగెళ్లింది సార్? నాను ఊదేనా? లెన్సుకి మరలున్నాయి, ఇప్పి దులిపేరు. మా ఆడమనిషి ఊపిరితిత్తులు ఎక్కడ ఇప్పి దులిపించమంటారు? రాసుకోండి, నాను సెప్తన్నాను. ఇయ్యాలే లారీలు ఆపించండి. పొద్దుగూకే లోపు ఆ కుప్ప మీద పట్టా కప్పించండి, గొట్టాల్లోకి నీళ్లు ఒదిలించండి. మధురవాడలో ఉన్న మీటరు ఇప్పి తెచ్చి మా డాబా మీద బిగించండి. ఆ ఆర్డరు మీద మీరు సంతకం ఎట్టేదాకా నాను ఈ కుర్సీ ఒగ్గను. పెన్ను తియ్యండి."