పై అంతస్తుకే వెళ్తాం

అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లో, చూపులేని పిల్లల బడి ఆఫీసులో నేను ఇరవై ఆరేళ్లుగా గుమాస్తాను. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లాలి. బస్సు, తల్లిదండ్రుల సంతకాలు, శాండ్‌విచ్‌లు, ఎవరికి వేరుశనగ పడదో ఆ జాబితా, అన్నీ నేనే చూస్తాను. జంతు ప్రదర్శనశాలకి పంపాను, చాక్లెట్ ఫ్యాక్టరీకి పంపాను. ఆర్ట్ మ్యూజియంకి మాత్రం ఎప్పుడూ పంపలేదు. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఆ మార్చిలో రోవెనా టట్ల్ అడిగింది. రోవెనా తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతుంది. పుట్టుకతోనే ఆమెకు చూపు లేదు. నా బల్ల దాకా పది అడుగులు గబగబా నడిచొచ్చి, ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జెరాల్డీన్, హాలోవే మ్యూజియం వాళ్ల ఫారం నింపాలి. పదకొండు మంది పిల్లలు, నువ్వు, నేను."

"అక్కడ గోడల నిండా పెయింటింగులే కదా రోవెనా."

"అవును. ఈ జిల్లాలో ప్రతి తొమ్మిదో తరగతీ ఏప్రిల్లో అక్కడికి వెళ్తుంది. మాది తొమ్మిదో తరగతి కాదా?"

నేను ఫారం నింపి పంపాను. నాలుగో రోజున మ్యూజియం నుంచి ఫెలిసిటీ క్రేన్ అనే ఆవిడ ఫోన్ చేసింది. బడుల సందర్శనలన్నీ ఆవిడే చూస్తుందట. చాలా మెత్తటి గొంతు. ఆ గొంతుతో ఏం చెప్పినా కాదనబుద్ధి కాదు.

"మీ పిల్లల కోసం ప్రత్యేకంగా ఆలోచించామండీ. కింద ఒక గది ఇస్తాం. బంకమట్టి ఉంటుంది, ప్లాస్టర్ బొమ్మలుంటాయి, ఎంతసేపైనా తడిమి చూసుకోవచ్చు. పైన గ్యాలరీల్లో వాళ్లకి ఏం తోస్తుంది చెప్పండి? పైగా ఎవరి చెయ్యైనా తగిలిందంటే..."

బాగుందన్నాను. థాంక్స్ కూడా చెప్పాను. మంచి కబురు మోసుకెళ్తున్నాననే అనుకుంటూ తరగతికి వెళ్లి చెప్పాను. కోరా బెనవీడెస్ తల పైకెత్తింది. పదిహేనేళ్ల పిల్ల, ఎవరికీ ఊరికే లొంగే రకం కాదు.

"బంకమట్టా? మాకేమన్నా నాలుగేళ్లా?"

"ప్లాస్టర్ బొమ్మలు కూడా ఉంటాయమ్మా."

"పక్క బడి వాళ్లని కూడా కింద గదిలోనే కూచోబెడతారా, మిసెస్ వుకోవిచ్?"

"లేదు. వాళ్లు పైకి వెళ్తారు."

"అయితే మేమూ పైకే వెళ్తాం."

వెనక బెంచీ నుంచి క్వెంటిన్ అందుకున్నాడు. "కింద గది వాసన వెళ్లకుండానే చెప్పేస్తా. జిగురు, తడి స్పాంజి. పుట్టినప్పట్నుంచీ ఎక్కడికి తీసుకెళ్లినా అదే గది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ గదుల్ని ఇరవై ఆరేళ్లుగా బుక్ చేస్తున్నది నేనే.

మా ప్రిన్సిపాల్ స్టబ్స్ చెడ్డవాడేం కాదు. గొడవలంటే పడదంతే. "వాళ్లు మర్యాదగా ఇస్తున్నారు, తీసుకోండి. మనం పేచీ పెడితే రేపు ఆ గది కూడా ఉండదు," అన్నాడు.

"ఉండకపోతే పోనీండి," అంది రోవెనా.

"పైకి వెళ్తామంటే నేను బస్సు ఇవ్వను. బుకింగ్ లేని ట్రిప్పుకి సంతకం పెట్టను. అంతే."

మర్నాడు కోరా నా బల్ల మీది ఫోన్ నుంచే క్రేన్‌కి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టమంటే పెట్టాను.

"మామూలు బడి పిల్లలొస్తే పైన ఏం చేస్తారండీ?" అని అడిగింది.

"మా గైడ్లు వాళ్లని ఒక్కో పెయింటింగ్ ముందు నిలబెట్టి, ఇందులో మీకేం కనిపిస్తోందని అడుగుతారమ్మా. ఇక దాని మీదే మాటలు సాగుతాయి. అందుకే మీకు..."

"అయితే ఈసారి ఆ ప్రశ్న మేం అడుగుతాం. జవాబు మీ గైడ్లు చెప్తారు. ఇబ్బందేముంది?"

క్రేన్ తన పై అధికారులతో మాట్లాడి చెప్తానంది. వారం గడిచినా చెప్పలేదు.

ఆ వారమంతా నేను సరిగ్గా తినలేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నిబంధన దాటి ఎరగను. నిబంధనల ఫైళ్లన్నీ నా వెనక బీరువాలోనే ఉంటాయి, ఏ పేజీలో ఏముందో నాకు తెలిసినంతగా స్టబ్స్‌కి కూడా తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం తలుపు మూసి ఒక ఫైలు తీశాను. తెల్లకర్రతో నడక శిక్షణ గురించిన పేజీ అది. శిక్షణ ఇచ్చే అర్హత ఉన్న టీచరు పిల్లల్ని ఊళ్లో ఎక్కడికైనా సిటీ బస్సులో తీసుకెళ్లవచ్చు. తల్లిదండ్రులు ఏడాది మొదట్లోనే సంతకం చేస్తారు, ప్రిన్సిపాల్ సంతకం అక్కర్లేదు. రోవెనాకి ఆ అర్హత ఉంది. తర్వాత మ్యూజియం వాళ్ల కాగితం తీశాను. పదిమంది కంటే తక్కువుంటే బుకింగ్ అక్కర్లేదని అందులో రాసి ఉంది.

ఆ రెండు పేజీలూ రోవెనాకి చదివి వినిపించాను.

"రిటైరవడానికి నీకింకా మూడేళ్లుంది జెరాల్డీన్. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించాకే తలుపు మూశాను. బస్సులో అందరూ నీతో, మ్యూజియం లోపలికి ఆరుగురు నీతో, ఐదుగురు నాతో. రెండు వారాలాగి గురువారం వెళ్దాం."

పిల్లలు రెండు వారాలు తయారయ్యారు. సిటీ బస్సు ఆఫీసుకి వాళ్లే ఫోన్ చేసి, ఎన్నో స్టాపులో దిగాలో కనుక్కున్నారు. కోరా బడి వసారాలో గోడకి బారెడు దూరంలో తాడు కట్టించి, దాన్ని దాటకుండా అందరినీ నడిపించింది. "ఒక్క చెయ్యి గోడ వైపు చాపినా వాళ్లు అన్నదే నిజమైపోతుంది. దురద పుట్టినా సరే, చేతులు జేబుల్లో పెట్టుకోండి," అని గదమాయించింది.

గురువారం పదింటికి మ్యూజియం గుమ్మం దగ్గర దిగాం. ముందు రోవెనా వాళ్లు లోపలికి వెళ్లారు, పావుగంట తర్వాత మేం వెళ్లాం. మెట్ల దగ్గర, అప్పుడే డ్యూటీకొచ్చిన కాపలా మనిషి ఆపాడు. యాభై దాటిన మనిషి, చొక్కా మీద లెనర్డ్ అని పేరుంది.

"కర్రలు, గొడుగులు కింద అప్పజెప్పి వెళ్లాలమ్మా."

"మీకు కళ్లద్దాలున్నాయా?" అని అడిగింది కోరా.

"ఉన్నాయి."

"మరి అవి ఎక్కడ అప్పజెప్పారు?"

లెనర్డ్ ఆమెకేసి చూశాడు, నాకేసి చూశాడు. తర్వాత పక్కకి జరిగి, మా వెనకే మెట్లెక్కి వచ్చాడు.

పైన మొదటి గదిలోనే రోవెనా వాళ్లని కలుసుకున్నాం. ఒక పెద్ద పెయింటింగ్ ముందు ఆగాం. ఇందులో ఏం కనిపిస్తోందని పిల్లలు నన్ను అడిగారు. "ఒక ఆడమనిషి బల్ల దగ్గరుంది. ముందు చేపలున్నాయి," అన్నాను.

"అంతేనా?" అంది కోరా. "బల్ల ఎంతుంది? కత్తి ఏ చేతిలో ఉంది? వెలుతురు ఎటు నుంచి వస్తోంది?"

నేను మళ్లీ చూశాను. ఆ మ్యూజియంకి పదిసార్లు వచ్చి ఉంటాను. ఏ పెయింటింగ్ ముందూ ఒక్క నిమిషం నిలబడి ఎరగను. కత్తి ఎడమ చేతిలో ఉందని అప్పుడు చూశాను. చేపలు ఏడున్నాయి, ఒక్కటే కోసి ఉంది.

"చేపలు కోస్తూ కోపంగా చూస్తోంది," అన్నాను.

"కోయట్లేదండీ," అన్నాడు వెనక నుంచి లెనర్డ్. "ఆపేసింది. తలుపు వైపు చూస్తోంది. తొమ్మిదేళ్లుగా ఈ గదిలో కూడా కాపలా కాస్తున్నా, అది కోపం కాదు. భయం."

"భయమని ఎలా చెప్తారు?" అని క్వెంటిన్ నిలదీశాడు. లెనర్డ్ ఆమె భుజాలు ఎలా ఉన్నాయో తన భుజాలు ముడుచుకుని చూపించబోయి, నాలుక కరుచుకుని, మాటల్లో చెప్పడం మొదలుపెట్టాడు. పిల్లలు ఆ భంగిమ పెట్టి చూశారు. పదకొండు మందీ భుజాలు ముడుచుకుని, తల ఒక పక్కకి తిప్పి నిలబడ్డారు. వేరే సందర్శకులు కూడా చేరారు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటే గది నిండా వాదన.

ఆ చప్పుడుకి ఫెలిసిటీ క్రేన్ వచ్చింది. మనిషి కూడా గొంతులాగే మెత్తగా ఉంది.

"మీరు బుక్ చేసుకోకుండా వచ్చారు," అంది.

"ఆరుగురితో నేనొచ్చాను, ఐదుగురితో ఆవిడొచ్చింది," అంది రోవెనా. "పదిమంది లోపైతే రావచ్చని మీరే రాశారు. ఇంతవరకూ గోడకి ఒక్క చెయ్యి తగల్లేదు. మీ మనిషినే అడగండి."

"తగల్లేదు మేడమ్," అన్నాడు లెనర్డ్.

కోరా క్రేన్ గొంతు వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఈ బొమ్మలో ఆమె మొహంలో ఏముంది?"

క్రేన్ అది ఏ ఏడు గీసిందో, గీసినాయన ఏ ఊరివాడో చెప్పబోయింది.

"అది కాదండీ. మొహం."

క్రేన్ పెయింటింగ్ వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. "విసుగు," అంది చివరికి. "ఎదురుచూసి చూసి విసిగిపోయింది."

"చూపున్న ముగ్గురూ మూడు చెప్పారు," అన్నాడు క్వెంటిన్. "ఇంక మాకు ఇక్కడ తోచకపోవడమేంటండీ?"

క్రేన్ మమ్మల్ని వెళ్లమనలేదు. మేం ఒంటిగంట దాకా పైనే ఉన్నాం.

సోమవారం స్టబ్స్ నన్ను పిలిచాడు. "మీరు ఇలా చేస్తారనుకోలేదు జెరాల్డీన్. మీ ఫైల్లో ఉత్తరం పెట్టాల్సి వస్తుంది."

"పెట్టండి సార్. ఏ నిబంధన తప్పానో అందులో రాయండి."

రెండు రోజులు వెతికి, నిబంధన పేరు లేకుండానే ఉత్తరం రాశాడు. నడక శిక్షణకి నలుగురికి మించి వెళ్లకూడదని కొత్తగా ఒక నిబంధన కూడా పెట్టాడు. ఆ నోటీసు నేనే టైపు చేసి తరగతికి తీసుకెళ్లాను.

"అయితే నలుగురేసి వెళ్తాం. మూడు గురువారాలు పడుతుంది, అంతేగా," అంది కోరా.

వెళ్లారు కూడా. మే నెలలో మూడో గురువారం గడిచాక క్రేన్ ఫోన్ చేసింది. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి పై అంతస్తులోనే సందర్శన పెడదామనుకుంటున్నామనీ, గైడ్లకి ఏం నేర్పాలో రోవెనా చెబితే రాసుకుంటామనీ అంది. రోవెనా రిసీవరు కోరా చేతిలో పెట్టింది.

"కూర్చుని రాసుకోండి," అంది కోరా. "చాలా ఉంది."