తెర మీద వీపు

ఆర్మా మూడో వరస బెంచీల కింద వేరుశెనగ తొక్కలు ఊడుస్తున్నాడు. నడుము సగమే వంగుతుంది కాబట్టి ఎడమచెయ్యి బెంచీకి ఆన్చి, కుడిచేత్తో చీపురు తిప్పుతాడు. ఆ చేతి వేళ్లు ఎన్నడో విరిగి ఇష్టమొచ్చినట్టు అతుక్కున్నాయి. ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయింది.

సినిమా హాలు బయట, సముద్రపు ఒడ్డున ఉన్న మా బుకోమ్ పేట వీధులు వేకువన ఏడ్చి, ఇప్పుడు నవ్వుతున్నాయి. పండగ మర్నాడు మా ‘గా’ తెగ జనానికి అదే పద్ధతి. ఏడాదిలో పోయినవాళ్ల కోసం తెల్లవారకముందే గుండెలు బాదుకుంటారు. పొద్దెక్కాక ముఖాలు కడుక్కుని ఇంటింటికీ వెళ్లి చేతులు కలుపుతారు. ఏడాదంతా ఉప్పూనిప్పూలా ఉన్న అత్తాకోడళ్లు కూడా ఆ ఒక్కరోజు ముఖం తిప్పుకోకూడదు.

ఆర్మా పొద్దున్నే కోర్కోయి గుమ్మం ముందు నిలబడి వచ్చాడు. ముప్పై ఒక్క పండగలుగా నిలబడుతున్నాడు. ఎప్పట్లాగే ఆమె మొక్కజొన్న ముద్దలు ఉడికే కుండ వైపు తిరిగిపోయింది. ఒకప్పుడు నోరారా అన్నా అని పిలిచిన పిల్ల. ఇంకొక్కసారి ఆ పిలుపు వింటే చాలు, ఆర్మాకి వేరే కోరిక లేదు.

"ఏం హీరో, ఇవాళ నీ సినిమానే!" ప్రొజెక్టర్ గది కిటికీలోంచి లార్టే అరిచాడు. "వీపుకి నూనె రాసుకొచ్చావా?"

"ముందు నీ రీలు తెగకుండా చూసుకోరా."

డబ్బు తీసుకుని బాక్సింగు గ్లవ్స్ తొడిగిన మా మొదటి తరంలో ఇద్దరే ఇద్దరు పేరున్నవాళ్లు, ఆర్మా, కోర్కోయికి తోడబుట్టిన అన్న సోవా. సముద్రపు ఇసుకలో కలిసి కొట్టుకుని నేర్చుకున్నారు. ఇద్దరూ కలిసి ఒక ఎత్తు కనిపెట్టారు. అలిసిపోయినట్టు చేతులు కిందికి దించెయ్యడం, అవతలివాడు ఆశపడి మీదికి రాగానే పళ్లు రాలగొట్టడం. ఆ రోజుల్లో బుకోమ్ కుర్రాళ్లందరికీ అదే పిచ్చి. తర్వాత పందేలు పెట్టించే పెద్దమనిషి ఒకడు వీళ్లిద్దరినే ఎదురెదురుగా నిలబెట్టాడు. ఆరో రౌండులో సోవా చేతులు దిగాయి. ఎత్తు వేస్తున్నాడనుకున్నాడు ఆర్మా. మావాడెవడైనా అలాగే అనుకుంటాడు. తనే ముందు కొట్టాడు. ఆ చేతులు నిజంగానే పడిపోయాయని తర్వాత తెలిసింది. మూడోనాడు సోవా పోయాడు.

అప్పట్నించి ఎదుటి మనిషి చేతులు దించితే చాలు, ఆర్మా ఒళ్లు చల్లబడుతుంది. బజారులో ఎవరో సంచీ కింద పెడతారు, పక్కన గోడ దగ్గర సోవా నిలబడి ఉంటాడు. ఏమీ అనడు. తిట్టినా బాగుండునని ఆర్మాకి ఉంటుంది.

పద్నాలుగేళ్ల తర్వాత సినిమావాళ్లు వచ్చి, బాక్సరు వేషానికి అతన్ని తీసుకున్నారు. ముఖానికి పౌడరు పూస్తుంటే, ఇక వేరే మనిషినవుతానని పొంగిపోయాడు పాపం. నటుడు చేతులు దించాలి, ఆర్మా జానెడు దూరంలో ఉత్తుత్తి దెబ్బ వెయ్యాలి. నటుడు దించాడు. ఆర్మా వెనక్కి తిరిగి, తాడు పట్టుకుని, వీపు కెమెరాకి పెట్టి నిలబడిపోయాడు. ఎంత అరిచినా తిరగలేదు. ఆ వీపు వరకే సినిమాలో ఉంచుకుని, అతన్ని ఆ సాయంత్రమే పంపించేశారు. మా ఊరికి మాత్రం ఏళ్లకి సరిపడా నవ్వు మిగిలింది.

మధ్యాహ్నం ఆట. పండగకొచ్చిన చుట్టాలు చెయ్యి పట్టి లాగితే కోర్కోయి కూడా వచ్చింది, ఆ సినిమాకి మొట్టమొదటిసారి. గేటు దగ్గర టికెట్టు ఇచ్చింది గానీ ఆర్మా ముఖం చూడలేదు. అతను తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెర మీద ఆ వీపు రాగానే హాలంతా గోల.

"తిరిగాడ్రోయ్! పారిపోతున్నాడ్రోయ్!"

ఆట అయ్యాక అందరూ వెళ్లిపోయారు. కోర్కోయి గేటు దగ్గర ఆగింది.

"అన్నా."

ఆర్మా చీపురు గోడకి ఆన్చి దగ్గరికొచ్చాడు.

"నవ్వారు వెధవలు," అందామె. "ఎందుకు తిరిగావో వాళ్లకేం తెలుసు?"

"ఆ రోజు వాడు ఎత్తు వేస్తున్నాడనుకున్నానమ్మా. ఒట్టు."

"తెలుసు. అప్పట్నించీ తెలుసు. పెరట్లో మీరిద్దరూ ఆ ఆట ఆడుతుంటే చూసిందాన్ని నేనేగా. నాకు కోప్పడ్డానికి ఎవడో ఒకడు కావాలి, నువ్వు దొరికావు." కళ్లు కొంగుతో అద్దుకుంది. "నువ్వు కూడా మనిషివేనని ఇవాళ కళ్లారా చూశాను. సాయంత్రం రా, ఒకే గిన్నెలో తిందాం. స్నానం చేసి మరీ రా, తొక్కల కంపు కొడుతున్నావ్."

ఆర్మా నవ్వాడు. పగతో ఉన్నవాళ్లు మాలో ఒకే గిన్నెలో చెయ్యి పెట్టరు. దారిలో ఎదురైనవాళ్లందరికీ పిలుపు వచ్చిందని చెప్పుకుంటూ గదికి వెళ్లాడు. స్నానం చేశాడు. తెల్లబట్ట కట్టాడు. చెప్పులు తొడుక్కుందామని మంచం అంచున కూర్చున్నాడు.

పొద్దు సముద్రం మీదికి వాలింది. కోర్కోయి గుమ్మంలో నిలబడి రెండుసార్లు తిట్టింది, మూడోసారి తిట్టబోయి లార్టేని వెంటబెట్టుకుని తనే బయల్దేరింది. ఆర్మా గోడకి ఒరిగి కూర్చునే ఉన్నాడు. ఒక కాలికి చెప్పు ఉంది. లార్టే భుజం పట్టి కదిపి, ఊపిరి లేదని చూసి, తన టోపీ తీసేశాడు. అన్నా, అన్నా అని కోర్కోయి పిలుస్తూనే ఉంది, ముప్పై ఒక్క ఏళ్ల పిలుపులన్నీ ఆ ఒక్క పూటలో అయిపోవాలన్నట్టు.

ఆమె ఇంటి అరుగు మీద, మూత తీసిన మట్టిగిన్నెలో, ముద్ద మీద పక్కపక్కన పెట్టిన రెండు చేపలూ అలాగే ఉన్నాయి.